మూడో వద్దు

మా ఇంట్లో ఈ గొడవంతా ఒక కాఫీతో మొదలైంది. ఇచ్చిన కాఫీ కాదు, ఇవ్వని కాఫీ.

మావారు విశ్వంభరం గారు మా ఊరి విశ్వవిద్యాలయంలో సేవా నిర్వహణ, మార్కెటింగ్ శాఖకు అధిపతి. హోటల్లో సర్వరు నవ్వితే ఎంతమంది మళ్ళీ వస్తారు, బ్యాంకులో గుమాస్తా తలెత్తకపోతే ఎంతమందికి రక్తపోటు పెరుగుతుంది లాంటి విషయాల మీద ఆయన పరిశోధన. ఇంట్లో మాత్రం ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వుతున్నారని అడుగుతారు.

ఒక సాయంత్రం రిజిస్ట్రారు పాండురంగం గారు మా క్వార్టర్స్‌కి వచ్చారు. నేను ముందుగదిలోకి వెళ్ళి "కాఫీ తీసుకుంటారా అండీ?" అని అడిగాను. "వద్దమ్మా, ఇప్పుడే తాగి బయల్దేరాను" అన్నారాయన. సరేనని లోపలికి వచ్చి చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను. ఆయన చాలాసేపు కూర్చున్నారు. మధ్యలో ఒకటి రెండుసార్లు వంటింటి వైపు చూశారు. గోడ మీద క్యాలెండరు చూస్తున్నారనుకున్నాను.

ఆయన గేటు దాటారో లేదో, మావారు వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఆయనకి కాఫీ ఎందుకివ్వలేదు?"

"వద్దన్నారు కదండీ."

"వద్దంటే ఇవ్వడం మానేస్తావా?"

"వద్దన్నవాళ్ళకి కూడా ఇస్తే, ఇక అడగడం ఎందుకు?"

"అడగడం మర్యాద వకుళా. వద్దనడం ఆయన మర్యాద. ఇవ్వడం మన మర్యాద. మధ్యలో నువ్వు తెంపేశావు."

"కావాలనుకుంటే కావాలని అనొచ్చుగా."

"పరాయి ఇంట్లో కూర్చుని, కాఫీ కావాలని నోరు తెరిచి అడిగిన మనిషిని నువ్వెక్కడైనా చూశావా?"

"మీ పెద్ద బావగారిని చూశాను."

ఆయనకి కోపం వచ్చింది. మా అమ్మాయి లహరి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. పడక్కుర్చీలో ఉన్న అత్తయ్యగారు కళ్ళు తెరవకుండానే తీర్పు చెప్పారు.

"మొదటిసారి వద్దనేది మర్యాదకి. రెండోసారి వద్దనేది మొహమాటానికి. మూడోసారి కూడా వద్దంటే, అప్పుడు నిజంగానే వద్దేమోనని ఆలోచించాలి."

మావారి మొహంలో కోపం ఉన్నపళంగా దిగిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నన్ను చూసి అలా చూస్తున్నారనుకునేదాన్ని. తరవాత తెలిసింది, పరిశోధనకి అంశం దొరికినప్పుడు అలా చూస్తారని.

"అమ్మా, మళ్ళీ చెప్పు."

"ఒకసారి చెప్తే వినవా?" అన్నారు అత్తయ్యగారు.

నెల తిరిగేసరికి వ్యాసం తయారైంది. "తెలుగు సేవాగ్రహీతల నిరాకరణ ప్రవర్తన: ఒక త్రిదశా నమూనా" అని పేరు. దానికోసం ఇద్దరు పరిశోధక విద్యార్థులని మెయిన్ రోడ్డులో చీరల కొట్టుకి పంపారు. అక్కడ ఆడవాళ్ళు "ఇంక తియ్యకు బాబూ, చాలు" అంటూనే ఉన్నారట, కొట్టువాళ్ళు తీస్తూనే ఉన్నారట. ఎవరూ రెండోసారి చాలన్నాక లేచి వెళ్ళలేదు. పరిశీలకులు కూడా వట్టిచేతులతో తిరిగి రాలేదు. ఒకడు వాళ్ళమ్మకి వెంకటగిరి చీర తెచ్చాడు. రెండోవాడు కూడా తెచ్చాడుగానీ ఎవరికో చెప్పలేదు.

వ్యాసంలో నేనూ ఉన్నాను. "విద్యాధికురాలైన ఒక గృహిణి, సేవాగ్రహీత యొక్క ప్రథమ నిరాకరణను యథాతథంగా స్వీకరించి సేవావైఫల్యమునకు కారణభూతురాలయ్యెను" అని ఏడో పేజీలో ఉంది. అచ్చుతప్పులు చూడమని నాకే ఇచ్చారు. చూసి ఇచ్చాను. ఆ వాక్యంలో తప్పులేమీ లేవు.

హైదరాబాదు సదస్సులో ఆ వ్యాసానికి చప్పట్లు కొట్టారట. వైస్ ఛాన్సలర్ గారు అది విని ఇంత గొప్ప సిద్ధాంతాన్ని మన ప్రాంగణంలోనే అమలు చెయ్యకపోతే ఎలా అన్నారు. రిజిస్ట్రారు పాండురంగం గారికి మా ఇంటి కాఫీ ఇంకా గుర్తున్నట్టుంది, ఆయన మరీ ఉత్సాహపడ్డారు. వారంలో ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, విశ్వవిద్యాలయ సేవలను వినియోగించుకొను ఏ వ్యక్తియైనను పలికిన ప్రథమ నిరాకరణమును మర్యాదగాను, ద్వితీయ నిరాకరణమును మొహమాటముగాను, తృతీయ నిరాకరణమును మాత్రమే అభిప్రాయముగాను పరిగణింపవలెను. దీనిని త్రివార నిరాకరణ విధానమని పిలువవలెను."

ముందు క్యాంటీన్లో అమలైంది. ఇడ్లీ తినడానికి వెళ్ళినవాళ్ళ పళ్ళెంలో గారె పడేది. వద్దంటే రెండో గారె పడేది. పిల్లలు తెలివి మీరి "వద్దు వద్దు వద్దు" అని ఒక్క గుక్కలో అనడం మొదలుపెట్టారు. దానికి సవరణ వచ్చింది: ఒకే ఊపిరిలో పలికిన నిరాకరణలు ఎన్ని అయినను ఒకటిగానే పరిగణింపబడును. క్యాంటీన్లో నిలబడి పిల్లలు ఊపిరి తీసుకుని ఒక వద్దు, ఊపిరి వదిలి ఒక వద్దు అంటుంటే, యోగా తరగతి జరుగుతోందనుకుని ఒక పెద్దాయన చెప్పులు విప్పి లోపలికి వచ్చాడట.

గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇవ్వబోతే "అప్పుడేనా? ఇంకో వారం ఉంచుకోండి" అనేవారు. తిరిగి ఇవ్వడమంటే పుస్తకాన్ని వద్దనడమే కదా. బీరువాలు ఖాళీ అయిపోయాయి. విశ్వవిద్యాలయంలో పఠనాసక్తి ఇంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగిందని వార్షిక నివేదికలో రాసుకున్నారు. పరీక్ష హాల్లో రాయడం అయిపోయిందని లేచినవాడిని ఇన్విజిలేటరు గారు భుజం పట్టి కూర్చోబెట్టి ఇంకో అడిషనల్ షీటు చేతిలో పెట్టేవారు. వాడు కూర్చున్నాక ఏం చెయ్యాలో తెలియక వాళ్ళ ఊరి గురించి రాసేవాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు వెళ్ళేవాళ్ళని ఆపి "అప్పుడే వెళ్ళిపోతారా, కాసేపుండి వెళ్ళండి" అనేవారు. అయిదు గంటల తరవాత గేటు లోపల కార్లూ స్కూటర్లూ హాస్టలు దాకా నిలిచిపోయేవి. ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఏ తేడా రాలేదు. అక్కడ ఇంజెక్షను వద్దన్నవాళ్ళ మాట ముందు నుంచీ ఎవరూ వినడం లేదు.

నాకు నచ్చింది మాత్రం తరవాత వచ్చిన ఉత్తర్వు. వద్దన్న మాటని మొదటిసారే నమ్మకూడదంటే, సరేనన్న మాటని మాత్రం ఎందుకు నమ్మాలి అని ఎవరో అడిగారు. తర్కం బాగానే ఉంది. దాంతో మొదటిసారే సరేనన్నవాళ్ళని "తొందరపాటు అంగీకారం" కింద పక్కన పెట్టారు. ఒక ఉపన్యాసానికి పిలిస్తే వెంటనే వస్తానన్న పాపానికి, చరిత్ర శాఖలో ఒక లెక్చరరుని ఇంకో రెండుసార్లు పిలిచి, ఇంకో రెండుసార్లు సరే అనిపించుకున్నారు. ఈలోగా ఉపన్యాసం తేదీ దాటిపోయింది.

ఇదంతా మేము నవ్వుకుంటూనే చూశాం. లహరికి సీటు వచ్చేవరకు.

లహరి మా ఒక్కగానొక్క కూతురు. కెమిస్ట్రీతో డిగ్రీ చేసింది. దానికి రంగులంటే ఇష్టం. దానిమ్మ తొక్కలు, ఉల్లిపొట్టు, మోదుగ పూలు, కనిపించిందల్లా ఉడికించి పాత తువ్వాళ్ళకి అద్దేది. నా గిన్నెలు రెండు ఇప్పటికీ పసుపుపచ్చగానే ఉన్నాయి. పై జిల్లాలో ఒక చేనేత సంస్థ ఉంది. అక్కడ సహజమైన రంగుల అద్దకంలో కోర్సుకి దరఖాస్తు పెట్టింది. కిందటేడు సీటు రాలేదు, వెయిటింగ్ లిస్టులో ఉంచారు. ఏడాది ఊరికే ఉండటం ఎందుకని వాళ్ళ నాన్న తన శాఖలోనే ఎంబీఏలో చేరమన్నారు. చేరింది. ఈ జూన్‌లో ఆ చేనేత సంస్థ నుంచి ఫోనొచ్చింది: సీటుంది, టీసీ పట్టుకుని నెలాఖరు బుధవారం లోపల రావాలి, లేకపోతే తరవాతి వాళ్ళకి ఇచ్చేస్తాం.

దానికి అప్పటికి ఇంకా మూడు వారాల టైముంది. చాలనుకున్నాం.

నేనూ లహరీ విద్యార్థి సేవల కార్యాలయానికి వెళ్ళాం. అక్కడ మొహమాట నివారణాధికారి అని కొత్త బోర్డు పెట్టుకుని ఆంజనేయులు గారు కూర్చున్నారు. కుర్చీలు వేయించారు. మజ్జిగ తెప్పించారు.

"సీటు వదులుకుంటానండీ. టీసీ కావాలి" అంది లహరి.

"అలాగే అంటారమ్మా" అన్నారాయన ఆప్యాయంగా. "సీటు ఉంచుకో తల్లీ."

"వద్దండీ. నాకు వేరే చోట సీటొచ్చింది."

"మంచి కుటుంబంలో పిల్లవి. ఒక్కమాటకే కావాలని అంటావా ఏమిటి?"

"కావాలని అనలేదండీ. వద్దన్నాను."

"అదే నేననేదీ." ఆయన కంప్యూటర్లో ఏదో కొట్టారు. "మర్యాద కింద నమోదైంది. ఆలోచనా విరామం తరవాత మళ్ళీ రండి."

"ఆలోచించేశానండీ."

"ఆలోచించినవాళ్ళకి కూడా విరామం తప్పదమ్మా. మొదట్లో మేమూ అడిగాం, మీ నాన్నగారే కుదరదన్నారు."

ఇంటికొచ్చాక లహరి సూటిగా వాళ్ళ నాన్న దగ్గరికే వెళ్ళింది.

"నాన్నా, నేను నిజంగానే వద్దంటున్నాను."

మావారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నాన్నగా కాదు, శాఖాధిపతిగా చెప్తున్నాను. 'నిజంగానే' అన్న మాట వాడావంటే నీలో ఎక్కడో సందేహం ఉన్నట్టు. పన్నెండో పేజీ చూడు."

"పోనీ నిజంగానే అనను. వద్దు."

"చూశావా, మాట మారుస్తున్నావు."

లహరి నా వైపు చూసింది. పన్నెండో పేజీకి కూడా అచ్చుతప్పులు దిద్దినదాన్ని నేనే. చూపు తిప్పుకుని కూరలో ఉప్పు సరిచూశాను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆంజనేయులు గారు కొబ్బరి లౌజు పెట్టారు. లహరి ఈసారి లౌజు తిని, మూతి తుడుచుకుని, వద్దంది. "మొహమాటం" అని నమోదు చేశారు. మూడోసారికి ఎప్పుడు రమ్మంటారని అడిగాను.

"మూడోది ఇక్కడ కాదమ్మా. నిబంధన వేరే ఉంది." ఆయన చదివి వినిపించారు. "తృతీయ విచారణను శాఖాధిపతి స్వయముగా, అభ్యర్థితో కలిసి భోజనము చేయుచు జరుపవలెను. ఏలయనగా తెలుగువారి నిజమైన అభిప్రాయము కంచము ముందు మాత్రమే బయటపడును. పెరుగుతో భోజనము ముగిసినట్లు భావింపబడును. అంతవరకు శాఖాధిపతి అడగనిచో విచారణ జరగనట్లే. అడగకుండ అభ్యర్థి తనంత తాను పలికిన నిరాకరణ అహంకారముగా పరిగణింపబడును."

"ఇంతవరకూ ఎంతమందికి జరిగింది?"

"ఒక్కరికీ జరగలేదమ్మా. శాఖాధిపతులకి తీరికెక్కడిది? అందుకే మా దగ్గర ఒక్క తృతీయ నిరాకరణ కూడా లేదు." ఆయన గొంతులో గర్వం వినిపించింది. "విశ్వవిద్యాలయాన్ని వద్దనుకున్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరన్నమాట. మీవారు ఆ మాటే రెండో వ్యాసంలో రాశారు."

రాశారు. దానికీ నేనే అచ్చుతప్పులు చూశాను.

శాఖాధిపతి మా ఇంట్లోనే రోజూ భోంచేస్తారు కాబట్టి మా పని సులువే అనుకున్నాం. కానీ ఆ రోజు నుంచి ఆయనకి మాతో కలిసి తినే తీరిక దొరకలేదు. ఒకరోజు కమిటీ అన్నారు, ఒకరోజు కడుపులో బాగాలేదన్నారు. హాలండ్ నుంచి ప్రొఫెసర్ హెండ్రిక్ గారు వస్తున్నారనీ, ఆ ఏర్పాట్లు ముగిశాక చూద్దామనీ చివరికి తేల్చారు.

హెండ్రిక్ గారు ఆ రంగంలో చాలా పెద్దవారట. మావారి వ్యాసం చదివి వచ్చారు. వీసీ గారి బంగళాలో విందు ఇచ్చారు. మమ్మల్ని కూడా పిలిచారు. పిలిచినప్పుడు మావారు నిబంధన ప్రకారం రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకున్నారు. పొడుగ్గా, ఎర్రగా, ఎండకి మొహం కమిలిపోయి ఉన్నారు హెండ్రిక్ గారు. పెరుగు గారెలు వడ్డిస్తూ ఇంకోటి కావాలా అంటే "కావాలి" అన్నారు. ఆ పూట ఆ బల్ల దగ్గర సూటిగా వినబడ్డ మాట అదొక్కటే.

భోజనం మధ్యలో ఆయన వీసీ గారితో అన్నారు: "మా సంస్థ తరఫున ఆసియాలో ఒక పరిశోధన కేంద్రం పెట్టాలనుకుంటున్నాం. భవనం, గ్రంథాలయం, అన్నీ మావే. మీ దగ్గర పెట్టమంటారా?"

బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. వీసీ గారు తల పక్కకి వంచి నవ్వారు.

"అబ్బే, మాకెందుకండీ అంత పెద్దవి. మీ అభిమానం చాలు."

హెండ్రిక్ గారు ఆశ్చర్యపోయారు. "వద్దా? ఖచ్చితంగానేనా?"

"వద్దండీ, మీకెందుకు శ్రమ" అన్నారు వీసీ గారు, ఇంకా తియ్యగా.

"మంచిది. స్పష్టంగా చెప్పారు, సంతోషం" అని హెండ్రిక్ గారు గారె అందుకున్నారు.

వీసీ గారు మూడో పిలుపు కోసం పాయసం దాకా ఎదురుచూశారు. కిళ్ళీ దాకా ఎదురుచూశారు. కారు దగ్గరికి సాగనంపడానికి వెళ్ళి, అద్దంలోంచి తల లోపలికి పెట్టి "ఇంకేమైనా అడగాలనుకుంటున్నారా?" అని కూడా అన్నారు. "లేదు, భోజనం అద్భుతంగా ఉంది" అని హెండ్రిక్ గారు చెయ్యి ఊపారు. వారం తిరక్కుండా ఆ కేంద్రం పొరుగు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. అక్కడివాళ్ళు అడిగీ అడగ్గానే కావాలన్నారట.

వ్యాసం చదివి కూడా ఆయన మూడోసారి ఎందుకు అడగలేదని మావారు ఈమెయిల్ రాశారు. జవాబు మర్యాదగానే వచ్చింది. ఆ సిద్ధాంతం మామూలు జనాన్ని గురించి అనుకున్నాననీ, విద్వాంసులకి కూడా వర్తిస్తుందని వ్యాసంలో ఎక్కడా రాయలేదనీ. మావారు వ్యాసం తీసి మొదటి నుంచి చివరిదాకా చూశారు. నిజమే, రాయలేదు.

శుక్రవారం వీసీ గారి కొత్త ఉత్తర్వు వచ్చింది. మావారు దాన్ని బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళారు. లహరి పైకి చదివింది.

"త్రివార నిరాకరణ విధానము వచ్చు సోమవారము నుండి రద్దు చేయబడినది. దాని స్థానములో ప్రథమ వాక్య ప్రామాణ్య విధానము అమలులోకి వచ్చును. ఇకపై ఏ విషయమునందైనను వ్యక్తి మొట్టమొదట పలికిన మాటయే తుది మాట. ఆదివారములోగా విచారణ ముగిసిన విషయములకు ఇది వర్తించదు. ముగియని విషయములన్నింటికిని వర్తించును."

"మంచిదేగా" అన్నాను. "మొదటిసారే వద్దన్నావు కదా."

లహరి తల అడ్డంగా ఊపింది. "మొట్టమొదటి మాట అది కాదమ్మా. కిందటేడు ఎంబీఏ ఇంటర్వ్యూలో ఈ కోర్సులో చేరతావా అని అడిగారు. చేరతాను అన్నాను. వీడియో కూడా ఉంది."

నేను ఆ కాగితం తీసుకుని మళ్ళీ చదివాను. పొరపాటు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. పాత పద్ధతిలో లహరి మాట ఇంకా వద్దు కాలేదు. కొత్త పద్ధతిలో అది ఎప్పటికీ కాదు. ఆదివారం భోజనంలోగా వాళ్ళ నాన్న మూడోసారి అడిగితే సరే, అడగకపోతే టీసీ లేదు, చేనేత సంస్థా లేదు.

ఆదివారం పొద్దున ఆయన కమిటీ ఉందన్నారు. "ఆదివారం కమిటీ ఉండదు" అన్నాను. కడుపులో బాగాలేదన్నారు. "అయితే చారన్నం తిందురుగాని" అన్నాను. అత్తయ్యగారు "ఏరా, కన్నకూతురితో కూర్చుని తినడానికి ముహూర్తం కావాలా?" అన్నారు. వచ్చి కూర్చున్నారు.

మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు, వడియాలు. లహరి ఆయనకి ఎదురుగా కూర్చుంది. నిబంధన ప్రకారం అది నోరెత్తకూడదు. నోరెత్తితే అహంకారం.

పప్పు కలుపుకున్నారు. "మామిడికాయ పులుపు బాగుంది" అన్నారు.

వేపుడు వేశాను. "ఫ్యాను చప్పుడు చేస్తోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి" అన్నారు. లహరి తలొంచుకుని తింటోంది.

చారు పోశాను. "ఈసారి వానలు ఆలస్యమేమో" అన్నారు.

"వానల సంగతి వానలు చూసుకుంటాయి" అన్నారు అత్తయ్యగారు. "నువ్వు చూసుకోవాల్సింది చూసుకో."

ఆయన చారన్నం ఎంత నెమ్మదిగా తినొచ్చో అంత నెమ్మదిగా తిన్నారు. కానీ చారన్నం ఎప్పటికైనా అయిపోవాలి కదా. అయిపోయింది. ఆయన కంచంలో ఒక ముద్ద అన్నం పెట్టుకుని నా వైపు చూశారు.

"పెరుగు వెయ్యి."

"ఇంకా తోడుకోలేదండీ."

"పొద్దున ఫ్రిజ్‌లో చూశాను. గట్టిగా ఉంది."

"అది మర్యాదకి గట్టిగా ఉంది."

లహరికి పొలమారింది. అత్తయ్యగారు దాని నెత్తి మీద తట్టారు. ఆయన వేళ్ళు కంచంలో అన్నం ముద్ద చుట్టూ తిరుగుతున్నాయి.

"మూడో వద్దు ఒక్కటి నమోదైనా ఆ రెండో వ్యాసం మళ్ళీ రాసుకోవాలి" అన్నారు చివరికి.

"రాసుకో. నీకు వేరే పనేముంది?" అన్నారు అత్తయ్యగారు.

నేను గరిటె పక్కన పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇక ఏదీ వడ్డించే ఉద్దేశం నాకు లేదని ఆయనకి అర్థమైంది. ఆయన మొదటిసారి తలెత్తి కూతురి వైపు చూశారు. దాని వేలిగోళ్ళ చివర్లకి ఎప్పటిదో కరక్కాయ నలుపు ఇంకా ఉంది.

"నువ్వు మొదటిసారి అన్నప్పుడే నాకు తెలుసు" అన్నారు. "చిన్నప్పటి నుంచీ నువ్వు వద్దన్నది తినలేదు, వద్దన్న చోటికి రాలేదు. నీ దగ్గర ఆ సిద్ధాంతం పని చెయ్యదు."

ఆయన తనంత తాను మాట్లాడారు కాబట్టి లహరి ధైర్యం చేసింది. "మరెందుకు నాన్నా ఇదంతా?"

"ఇంకో రెండుసార్లు అడిగే వీలుంది కదా అని" అన్నారాయన.

కాసేపు ఫ్యాను చప్పుడు వినబడింది. ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిన మాట నిజమే. తరవాత మావారు వీపు నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, తన శాఖాధిపతి గొంతుతో అడిగారు.

"కుమారి లహరి, మా శాఖలో మీకున్న సీటును మీరు ఉంచుకొనదలచినారా?"

"వద్దు" అంది లహరి. మాట చిన్నగానే వచ్చింది కానీ బల్ల దగ్గరున్న అందరికీ వినబడింది.

నేను లేచి పెరుగు తెచ్చి వేశాను. ఆయన కలుపుకుంటూ నిర్ణయం చెప్పారు.

"విచారణ ఆదివారం నాడు ముగిసింది. రేపటి ఉత్తర్వు దీనికి వర్తించదు. పొద్దున ఆఫీసు తెరవగానే టీసీ నేనే తెస్తాను. ఎల్లుండి బండికి లహరి బయల్దేరుతుంది. దిగబెట్టడానికి నేనే వెళ్తాను. నా పెద్ద పెట్టె దానికి ఇస్తున్నాను."

"నేనూ వస్తాను" అన్నారు అత్తయ్యగారు.

"వద్దమ్మా, ఎండలు మండిపోతున్నాయి."

అత్తయ్యగారు పెరుగు కోసం కంచం ముందుకి జరిపారు.

"లహరీ, ఆ పెట్టెలో నావి కూడా రెండు చీరలు సర్దు" అన్నారు. "మీ నాన్న ఇంకా ఒక్కసారే అన్నాడు."